ఆటలో పాపం ఎవరి ఖాతాలో?

సికింద్రాబాద్‌లో జోస్యానికి రెండు అడ్రసులున్నాయి. మొదటిది ఉజ్జయిని మహంకాళి గుడి. ఆషాఢంలో లష్కర్ బోనాలు జరిగిన మర్నాడు, సోమవారం పొద్దున, అక్కడ రంగం ఉంటుంది. మాతంగి పచ్చి కుండ మీద నిలబడి, అమ్మవారి వైపు చూస్తూ, ఏడాది ఎలా గడవబోతోందో చెబుతుంది. వానలు, పంటలు, రోగాలు, నొప్పులు అన్నీ అందులో వస్తాయి. పూజారులు ప్రశ్నలు అడుగుతారు, మంత్రులు చేతులు కట్టుకుని వింటారు, టీవీ చానళ్లు లైవ్ ఇస్తాయి. రెండో అడ్రసు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, జనం నోట్లో సీటీసీ. అక్కడి జోస్యానికి తిథితో, వారంతో పనిలేదు. గ్రాఫిక్స్ కార్డు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూస్తూ తటపటాయించే కుర్రాడికి కౌంటర్ వెనక నుంచి వాక్కు వినబడుతుంది: "తీస్కో అన్నా, ఫ్యూచర్ ప్రూఫ్. ఐదేండ్లు ఫికర్ లేదు."

ఐదేళ్ల మాట దేవుడెరుగు. రెండేళ్లు తిరక్కుండానే ఏదో ఒక కొత్త గేమ్ వచ్చి, ఆ కార్డు ఫ్యాన్ చేత ఆయాసం పెట్టిస్తుంది.

అసలు తేడా ఏది నిజమవుతుంది, ఏది కాదు అన్న దగ్గర లేదు. రంగంలో అమ్మవారి పలుకు ఎప్పుడూ షరతుతో వస్తుంది. పూజలో ఈ లోపం చేశారు, ఇకనైనా సరిదిద్దుకోండి, మిగతాది నేను చూసుకుంటాను అనే తీరులో ఉంటుంది. వినేవాడు చేయాల్సిన పని కూడా ఆ జోస్యంలోనే ఉంటుంది. ఆ గుడి పుట్టుక కూడా అలాంటి ఒప్పందమే. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా, ఇక్కడ కలరా జనాన్ని ఊడ్చేస్తోందని కబురు అందింది. జబ్బు తగ్గితే మా ఊళ్లో నిన్ను నిలబెడతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి కట్టె విగ్రహాన్ని ప్రతిష్ఠించి మాట చెల్లించాడు. సీటీసీ జోస్యంలో కొనేవాడి వంతు పని ఒక్కటే, ఫోన్‌పే కొట్టడం. వీడియో గేముల భవిష్యత్తు గురించి ప్రపంచం చెప్పుకుంటూ వస్తున్న జోస్యాలు దాదాపు అన్నీ ఈ రెండో బాపతువే.

వాటి చరిత్ర చూస్తే జోస్యుల మీద జాలి పుడుతుంది. ఇక ఆటంతా మన చుట్టూనే జరుగుతుందని నింటెండో 1995లో వర్చువల్ బాయ్ అనే కళ్లద్దాల పెట్టె తెచ్చింది. అందులో లోకం మొత్తం ఎరుపు, నలుపు. ఆడినవాళ్లకు తలనొప్పి మిగిలింది, ఏడాదిలోపే దుకాణం సర్దేశారు. ఇంట్లో కన్సోల్ అక్కర్లేదు, ఆట ఆకాశం నుంచి దిగుతుందని గూగుల్ 2019 నవంబరులో స్టేడియా పెట్టింది. 2023 జనవరిలో మూసేసింది. మనుషులంతా మెటావర్స్‌లో కాపురం పెడతారని 2021లో ఫేస్‌బుక్ కంపెనీ పేరే మార్చుకుంది. కాపురాలు ఇంకా కూకట్‌పల్లి, అల్వాల్‌లలోనే జరుగుతున్నాయి. తెలుగునాట ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అనేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. కాలజ్ఞానంలో ఎర్ర కళ్లద్దాల ప్రస్తావన ఉందని మాత్రం ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు.

కంపెనీల లెక్కలు తప్పుతున్నప్పుడు పంచాంగకర్తలకు అవకాశం ఇవ్వడమే న్యాయం. ఓ పాతికేళ్ల తర్వాత ఉగాది నాడు గేమర్ల పంచాంగ శ్రవణం ఇలా ఉండొచ్చు. మేషరాశి వారికి ఆదాయం 2, వ్యయం 14. ఆ పద్నాలుగూ తుపాకీలకు రంగులు వేయించుకోవడానికే. రాజపూజ్యం 1, అవమానం 7. ఆ ఏడూ పన్నెండేళ్ల పిల్లల చేతిలోనే. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం గనక ర్యాంక్డ్ మ్యాచులు జరగవు, ఓడినవాళ్లు నెట్‌వర్క్‌ను తిట్టే బదులు రాహువును తిట్టుకోవచ్చు. ఆయుధపూజ నాడు కంప్యూటర్‌కు బొట్టు పెట్టడం ఇప్పటికే ఉంది కాబట్టి, గ్రాఫిక్స్ కార్డుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టే స్టాండు మదర్‌బోర్డుతో పాటే వస్తుంది. కళ్లకు పెట్టె కట్టుకుని ఒకాయన సరిగ్గా వైకుంఠ ద్వారం దాకా వెళ్లిన క్షణాన మారేడ్‌పల్లిలో వాన పడి కరెంటు పోతుంది. ఇందులో చివరిదాన్ని జోస్యమని కొట్టిపారేయడానికి లేదు, వాతావరణ సూచన కింద తీసుకోవచ్చు.

నవ్వుల సంగతి అలా ఉంచితే, ఈ జోస్యాలన్నీ ఒకే దారిలో పోతున్నాయి. గేమ్ అసలు జీవితంలా అయిపోతుందన్నదే వాటి సారం. అసలు జీవితమే ఒక ఆట అని, లీల అని మన పెద్దలు ఎప్పుడో ఎదురు దిక్కు నుంచి వచ్చి కూర్చున్నారు. మనం ఉన్నది ఎవరో నడుపుతున్న కంప్యూటర్ లోకం కావచ్చని తత్త్వవేత్త నిక్ బోస్ట్రమ్ 2003లో వ్యాసం రాస్తే ప్రపంచం ఉలిక్కిపడింది. యోగవాసిష్ఠంలో రాణి లీల తన ఇంట్లోంచే సరస్వతి వెంట బయల్దేరి, చనిపోయిన భర్త ఇంకో లోకంలో ఇంకో రాజుగా యుద్ధం చేస్తుంటే చూస్తుంది. ఆ లోకాలన్నీ ఒక చిన్న ఇంట్లోనే ఇమిడి ఉన్నాయని ఆమెకు తర్వాత తెలుస్తుంది. మడికి సింగన ఈ గ్రంథాన్ని తెలుగు చేసి ఐదారు వందల ఏళ్లు దాటింది. కాబట్టి లోకం నిజమా, ఆటా అన్న ప్రశ్న మనకు కొత్తేమీ కాదు. తేలని ప్రశ్న వేరే ఉంది. ఆటలో జరిగిన పనికి కర్త ఎవరు, ఫలం ఎవరికి?

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న ఒకసారి అచ్చంగా పెట్టెలోంచే బయటికి వచ్చింది. 2009లో సోనీ తన ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' విడుదల చేసింది. తయారుచేసింది ఇక్కడి సంస్థ అరోనా టెక్నాలజీస్. ఆ కన్సోల్ కోసం పూర్తిగా భారతదేశంలోనే తయారైన మొదటి గేమ్ ఇదేనని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. అంతలో అమెరికాలోని నెవాడా నుంచి హిందూ సంఘ నాయకుడు రాజన్ జెడ్ అభ్యంతరం లేవనెత్తారు. పూజలందుకునే దేవుణ్ణి బటన్లు నొక్కి ఆడించడం కించపరచడమేనని ఆయన వాదన. దీన్ని నవ్వి తోసేయడం తేలికే. వీధి నాటకాల్లో తోక కట్టుకుని గెంతే కుర్రాడిని చూసి మురిసిపోయిన జాతి మనది, సినిమా కృష్ణుడి ఫొటోకు దండం పెట్టిన జాతి మనది. పైగా హనుమంతుడి కథ గేమ్‌కు కొలిచి కుట్టినట్టు ఉంటుంది. తన బలం తనకే గుర్తుండదు, సముద్రం ఒడ్డున జాంబవంతుడు గుర్తు చేయాలి. ఈనాటి భాషలో చెబితే జాంబవంతుడే ట్యుటోరియల్.

అయినా ఆ అభ్యంతరంలో ఒక నలుసంత నిజం ఉంది. అదేమిటో తెలియాలంటే తిరుమల వెళ్లాలి.

ఉత్తరాది నుంచి వచ్చి కొండ మీద స్థిరపడిన బైరాగి హాథీరాం బావాజీ. రాత్రిళ్లు సాక్షాత్తూ వేంకటేశ్వరస్వామే వచ్చి ఆయనతో పాచికలు ఆడేవాడని కథ. ఒక రాత్రి స్వామి నగ బావాజీ ఇంట్లోనే ఉండిపోయింది. తెల్లారేసరికి గుళ్లో నగ లేదు, బావాజీ దగ్గర ఉంది. దేవుడితో పాచికలాడానంటే ఎవరు నమ్ముతారు? గదిలో పెట్టి తాళం వేసి, బండెడు చెరకు పడేసి, రాత్రికి రాత్రి ఇదంతా తినేస్తే నువ్వు చెప్పింది నిజమే అన్నారు. స్వామి ఏనుగై వచ్చి చెరకంతా తినిపోయాడు, బావాజీకి ఆ పేరు అలా వచ్చిందంటారు. ఇది గాలికి పుట్టిన కథ అనుకునేవాళ్లు కూడా ఆయన పేరిట వెలసిన మఠాన్ని కాదనలేరు. 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ పాలన ఆ మఠం మహంతుల చేతిలోనే నడిచింది. 2017లో నాగార్జున బావాజీగా 'ఓం నమో వేంకటేశాయ' సినిమా కూడా వచ్చింది.

ఆ పాచికల ఆటలో దేవుడు ఎదురుగా కూర్చున్నాడు. తన పాచికలు తనే వేశాడు, ఓడిపోయాడు కూడా. అంతకన్నా ముఖ్యం, ఆడినందుకు భక్తుడు దొంగ అనిపించుకున్నాడు, గదిలో మగ్గాడు. ప్లేస్టేషన్ ఆటలో హనుమంతుడు ఆటగాడి బొటనవేళ్ల కింద ఉంటాడు. గోతిలో పడితే మళ్లీ లేస్తాడు, సోఫాలో కూర్చున్నవాడికి ఒంటి మీద గీత పడదు. అందుకే దేవుడు చేతికి చిక్కాడన్నది పెద్ద ఫిర్యాదు కాదు. ఆ చెయ్యి దేన్నీ పణం పెట్టలేదన్నది అసలు ఫిర్యాదు. నెవాడా వాదన అక్కడిదాకా వెళ్లి ఉంటే మరింత బలంగా ఉండేది.

పణం లేని ఆటకు మరీ ముద్దొచ్చే ఉదాహరణ కాంట్రా. తొంభైలలో టీవీకి తగిలించే గేమ్ పెట్టె ఉన్న ప్రతి ఇంట్లో, క్యాసెట్ అడుగున నోటితో ఉఫ్‌మని ఊది, పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి, ఆపైన బి, ఎ నొక్కినవాళ్లకు మూడు ప్రాణాలు ముప్పై అయ్యేవి. ఈ మంత్రానికి ద్రష్ట కొనామి ఉద్యోగి కజుహిసా హషిమోతో. 1986లో గ్రేడియస్ అనే గేమ్‌ను పరీక్షించాల్సి వచ్చి, ఆట మరీ కష్టంగా ఉండటంతో తన సౌకర్యానికి పెట్టుకున్న దొడ్డిదారి అది. తీసేయడం మరిచిపోవడంతో అలాగే మార్కెట్లోకి వెళ్లింది. పునర్జన్మ సిద్ధాంతం చెప్పే ఎనభై నాలుగు లక్షల యోనులతో పోలిస్తే ముప్పై ఏపాటి? కానీ అక్కడ ప్రతి జన్మకూ వెనకటి బాకీ తగులుకుంటుంది. కాంట్రాలో ముప్పయ్యో ప్రాణం కూడా మొదటిదంత తెల్లకాగితమే. మరో జన్మ ఉంటుంది గానీ కర్మ ఉండదు. ఇంతకన్నా హాయైన మతం భూమ్మీద ఇంకోటి పుట్టలేదు.

ఇక్కడ గేమర్ల తరఫున ఒక మంచి ప్లీడరు భాగవతం తెరిచే ప్రమాదముంది. ప్రథమ స్కంధంలో పరీక్షిత్తు కలిని పట్టుకుని నరకబోయి వదిలేస్తాడు. కారణం తమాషాగా ఉంటుంది. కలియుగంలో మంచి పని మనసులో అనుకుంటేనే పుణ్యం దక్కుతుంది, చెడ్డ పనికి మాత్రం చేస్తేనే పాపం అంటుతుంది. ఇంత లాభసాటి బేరం వేరే యుగంలో లేదని రాజు కలిని బతకనిచ్చాడు. అలాగైతే తెరమీద వంద తలలు నరికినవాడికి పాపమెక్కడిది? వాడు నొక్కింది బటనే కదా. చిత్రగుప్తుడు సర్వర్ లాగ్ తెప్పించి చూసినా అక్కడ శవం ఉండదు.

కేసు గెలిచినట్టే ఉంటుంది, 2024 దాకా. ఆ జనవరిలో న్యూరాలింక్ సంస్థ భుజాల కింద శరీరం చచ్చుబడిన ఒక యువకుడి మెదడులో చిప్ అమర్చింది. వేలు కదపకుండా, తలచుకుంటేనే అతను చదరంగం ఆడాడు. తర్వాత సివిలైజేషన్ 6 మొదలుపెట్టి చిప్‌లో చార్జింగ్ అయిపోయేదాకా ఆడాడు. రోగికి ఇది వరం, అందులో సందేహం లేదు. వేదాంతికి మాత్రం నిద్ర పట్టని సంగతి. అనుకోవడానికీ చేయడానికీ మధ్య ఉన్న బటన్ ఎగిరిపోయింది. పరీక్షిత్తు ఇప్పించిన రాయితీ నిలబడేదే ఆ రెంటి మధ్య ఎడం మీద. రేపు అందరి తలల్లోకీ అది వస్తే అనుకున్నది చేసినట్టా, కాదా? యముడి కోర్టులో ఫుల్ బెంచ్ కూర్చోవాల్సిన ప్రశ్న.

అదే పరీక్షిత్తు కలికి ఉండటానికి చోటు కూడా చూపించాడు: జూదం, మద్యం, స్త్రీలోలత్వం, హింస. ఇవి చాలవంటే బంగారం. మొదటిదీ చివరిదీ కలిపితే పేకాట యాప్. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, నిషేధిస్తూ చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తామంది. చూడబోతే మన చట్టాలు పణం ఉన్న ఆట ప్రమాదం అంటున్నాయి, పై వాదనేమో పణం లేకపోతే ఆటకు అర్థం లేదంటోంది. ఇందులో వైరుధ్యం లేదు. ధర్మరాజు తప్పు పణం పెట్టడం కాదు, తన సొత్తు కానివాళ్లను పెట్టడం. అంతా పోయి, పెద్దల దయవల్ల తిరిగొచ్చాక మళ్లీ పిలిస్తే రెండో ఆటకు వెళ్లడం. ఆ రెండో పిలుపును ఈ కాలంలో నోటిఫికేషన్ అంటారు. యాప్‌లో పోయింది ఎవరి జీతం, ఎవరి నగలు అన్నది ఇంట్లో ఆడవాళ్లకు తెలుస్తుంది.

కర్తృత్వం అలా ఉండగా, మమకారం సంగతి కంపెనీలు తేల్చేశాయి. యుబిసాఫ్ట్ 2014 డిసెంబరులో ది క్రూ అనే కార్ల గేమ్ విడుదల చేసింది. అమెరికా దేశం మొత్తం తిరిగేంత లోకం అందులో ఉంది. 2024 మార్చి ఆఖరున సర్వర్లు ఆపేశారు. డబ్బిచ్చి డిస్కు కొన్నవాళ్లు కూడా, ఒంటరిగా ఆడుకుందామన్నా, ఆడలేకపోయారు. ప్రళయానికి ముందు నోటీసు మాత్రం ఇచ్చారు. ఇలాంటి గేములను చంపొద్దని యూరప్‌లో పెట్టిన అర్జీ మీద 2025 జులై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో డిజిటల్ దుకాణాలు "మీరు కొంటున్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే" అన్న సంగతి స్పష్టంగా చెప్పాలని చట్టం వచ్చింది. ఏదీ నీది కాదని ఆశ్రమాల్లో ఎంతమంది చెప్పినా తలకెక్కని ముక్క, చెక్‌అవుట్ పేజీలో తలకెక్కుతోంది. గేమింగ్ భవిష్యత్తు మీద ఎవరైనా పందెం కాయదలిస్తే దీని మీదే కాయాలి: అద్దె ఒళ్లు, అద్దె ఇల్లు, మూసేసే రోజు ముందే రాసిపెట్టిన లోకం. వేదాంతంలో వైరాగ్యం వంతును వ్యాపారం పూర్తి చేసేసింది. మిగిలింది కర్మఫలం.

అది కూడా ఎవరికీ తట్టలేదని కాదు. అమెరికన్ గేమ్ రూపకర్త రిచర్డ్ గారియట్‌కు తన పాత గేములు ఆడిన పిల్లల తల్లిదండ్రుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. చూస్తే, గెలవడం కోసం ఆటగాళ్లు ఊళ్లో జనాన్ని దోచుకుంటున్నారు, చంపుతున్నారు, ఆఖరికి వీరులనిపించుకుంటున్నారు. ఆయన 1985లో 'అల్టిమా 4: క్వెస్ట్ ఆఫ్ ది అవతార్' చేశాడు. అవతార్ అన్న మాట మన దగ్గర్నుంచే తీసుకున్నాడు. అందులో చంపడానికి పెద్ద రాక్షసుడు లేడు. నిజాయితీ, దయ, వినయం లాంటి ఎనిమిది గుణాలు కూడగట్టుకోవాలి. ఆ ఊళ్లలో మూలికలు అమ్మే దుకాణం ఉంటుంది. అమ్మేవాళ్లకు చూపు లేదు. ఎన్ని నాణేలు పెడుతున్నావో నువ్వే లెక్కపెట్టి పెట్టాలి. తక్కువ పెట్టినా సరుకు వస్తుంది. గంట మోగదు, పోలీసు రాడు, ప్రాణం పోదు. నిజాయితీ మాత్రం లోలోపల తరుగుతుంది. కోటలో హాక్‌విండ్ అనే జోస్యుడు ఉంటాడు. ఆయన దగ్గరికి వెళ్లి అడిగితే ఏ గుణంలో ఎంత వెనకబడ్డావో చెబుతాడు, భవిష్యత్తు మాత్రం చెప్పడు.

నలభై ఏళ్లయింది. తెరమీద చెమట చుక్క మెరిసేంత సాంకేతికత వచ్చింది. కొన్ని గేములు మంచీ చెడులకు పాయింట్లు వేస్తున్నాయి గానీ, వాటిలో చెడ్డవాడికీ వేరే రంగు బట్టలు, వేరే శక్తులు బహుమానంగా దొరుకుతాయి. అది కర్మ కాదు, కేటలాగు. పురాణ గేముల్లో ఇప్పుడు కనిపించేదల్లా దేవుడి కండలు, గద బరువు, రాక్షసుల సంఖ్య.

హైదరాబాద్ స్టూడియోల్లో రామాయణం, భాగవతం మీద గేములు కడుతున్న కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఒక విన్నపం. దేవుణ్ణి పెట్టాలా వద్దా అన్న తగాదా పెద్దవాళ్లకు వదిలేయండి. మీ గేమ్‌లో ఎక్కడో ఒక మూల, ఎవరూ చూడని చోట, చూపులేని ఒక దుకాణదారుణ్ణి కూర్చోబెట్టండి. ఆటగాడు ఎంత పెట్టాడో రాసుకోండి. చివరి లెవెల్ దాకా ఆ లెక్క చెరపకండి, దాన్ని మాఫీ చేసే ప్యాకేజీ మాత్రం రూ. 99కి అమ్మకండి.